పెంట అంటే ఊరు

(ఆగస్టు 9న ఆళ్లగడ్డలో మన పిల్లల ముందు మాట్లాడిన మాటలివి. అక్కడ నోటికొచ్చిన వరసలో మాట్లాడాను. రాసి పెట్టమని చాలామంది అడిగారు కాబట్టి కొంచెం సర్ది రాస్తున్నాను. రాలేకపోయిన వాళ్లు చదవండి. చదవలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే చదివి వినిపించండి.)

 

నన్ను హక్కుల గురించి మాట్లాడమన్నారు. నేను మాటల గురించి మాట్లాడతాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

నంద్యాలలో డిగ్రీ మొదటి సంవత్సరం చదివేటప్పుడు క్లాసులో ఏదో ఫారం నింపిస్తున్నారు. అమ్మానాన్నల పేర్లు, సొంత ఊర్లు ఒక్కొక్కరం లేచి చెప్పాలి. మా అమ్మ పుట్టింది నల్లమల లోపల ఒక పెంటలో. ఆ పేరు చెప్పాను. చివర 'పెంట' అని రాగానే వెనక బెంచీ నుంచి ఒకడు పకపకా నవ్వాడు. తర్వాత క్లాసంతా నవ్వింది. 'మీ అమ్మ పెంటలో పుట్టిందా రా' అని సాయంత్రం హాస్టల్లో కూడా అడిగారు. ఆ రోజు నుంచి డిగ్రీ అయ్యేదాకా నేను ఎవరడిగినా 'ఆత్మకూరు దగ్గర పల్లె' అనే చెప్పుకున్నాను. సిగ్గుపడ్డాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

మనకు పెంట అంటే ఊరు. నాలుగు గుడిసెలు, పక్కన నీళ్లు, చుట్టూ మనకు తెలిసిన అడవి. అంతే. మైదానంలో పల్లె అన్నట్టు మనం పెంట అంటాం. శ్రీశైలం పోయే బస్సులో కండక్టరు 'సున్నిపెంట, సున్నిపెంట' అని అరుస్తాడు. ఎవ్వరూ నవ్వరు. దోర్నాల దారిలో రోళ్లపెంట ఉంది. లారీ డ్రైవర్లంతా ఆ పేరు పలుకుతారు, ఎవ్వరూ నవ్వరు. మనిషి నోట్లో నుంచి, అదీ చెంచు పిల్లోడి నోట్లో నుంచి వస్తేనే నవ్వొచ్చింది.

అయితే ఆ నవ్విన పిల్లల్ని కూడా నేను తప్పుపట్టలేను. వాళ్లు టౌన్లో పెరిగారు. టౌన్లో పెంట అంటే చెత్త. పని చెడగొడితే 'పెంట చేశావ్' అంటారు. కానీ వాళ్ల తాతను అడిగితే వేరే చెప్తాడు. రైతుకు పెంటదిబ్బ ఎరువు. పెద్ద పెంటదిబ్బ ఉందంటే ఆ ఇంట్లో గొడ్లున్నట్టు, చేను పండేటట్టు. పుట్టిన బిడ్డలు దక్కకపోతే తర్వాత పుట్టిన బిడ్డను పెంటదిబ్బ మీద పెట్టి తీసుకుని పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టుకున్న ఇళ్లు తెలుగు దేశం నిండా ఉన్నాయి. ఆ బిడ్డ బతకాలని పెట్టుకున్న పేరది. ఒక్క మాట చూడండి. మనకు ఊరు, రైతుకు ఎరువు, టౌనుకు కంపు. ముగ్గురం మాట్లాడేది తెలుగే.

నా అసలు విషయం ఇక్కడుంది. ఏజెన్సీలో కోయ పెద్దాయన కోయ భాషలో మాట్లాడితే ఆఫీసరుకు అర్థం కాదు. అర్థం కాలేదని ఆయనకు తెలుస్తుంది. తెలిసినవాణ్ని పిలిపిస్తాడు, మళ్లీ అడుగుతాడు. నల్లమల చెంచుకు ఆ అదృష్టం లేదు. మనం మాట్లాడేది తెలుగు, ఆయన మాట్లాడేది తెలుగు. ఆయనకు అర్థమైపోయిందనుకుంటాడు. మనమూ చెప్పేశామనుకుంటాం. మధ్యలో ఏం పోయిందో ఎవరికీ కనపడదు.

మా ఇంట్లో జరిగిందే చెప్తా.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. నియమాలు 2008 జనవరిలో వచ్చాయి. ఆ తర్వాత ఒకటి రెండేళ్లకు మా గూడేనికి ఒక సారు పుస్తకం పట్టుకుని వచ్చాడు. నేను చిన్న పిల్లోణ్ని, వేపచెట్టు కింద నిలబడి చూస్తున్నాను. ఆయన మంచివాడే. నీళ్లడిగి మా చెంబుతోనే తాగాడు. అందరూ అలా తాగరు కాబట్టి గుర్తుంది. మా తాతను కూర్చోబెట్టి అడిగాడు.

'తాతా, అడవిలో నీకు భూమి ఎంతుంది?'

'భూమి మాకేడిది సామీ. మాకు అడవుంది.'

ఆయన 'భూమి లేదు' అని రాసుకున్నాడు. పక్క ఇంటికి పోయాడు. అక్కడా అదే జవాబు. సాయంత్రానికి మా గూడెం పని అయిపోయింది.

మా తాతకు భూమి అంటే నాగలితో దున్నేది. కోవెలకుంట్ల దిక్కు నల్లరేగడి, కేసీ కాలవ కింద వరిమడి. అది రెడ్లది, ఇంకొకరిది. చెంచోడిది కాదు. అందుకే లేదన్నాడు, నిజమే చెప్పాడు. సారుకు భూమి అంటే సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు. ఆయనా నిజమే రాసుకున్నాడు. ఇద్దరిలో ఎవ్వరూ అబద్ధం ఆడలేదు. కానీ ఆ చట్టాన్ని నేను డిగ్రీ చదివేటప్పుడు తెచ్చుకుని చదివాను. మూడో సెక్షన్‌లో దున్నిన భూమి ఒక్క వరస మాత్రమే. తేనె, బంక, గడ్డల మీద హక్కు వేరేగా ఉంది. నీటి మీద, మేత మీద ఉంది. తరతరాలుగా కాపాడుకున్న అడవిని ఇకమీదటా కాపాడుకునే హక్కు ఉంది. ఆదిమ తెగలకు ఆవాస హక్కు ఉంది. అంటే ఆ చట్టం ముందు అడగాల్సిన ప్రశ్నకు మా తాత పూర్తి జవాబు చెప్పాడు. 'మాకు అడవుంది' అన్నాడు. దానికంటే పెద్ద దరఖాస్తు ఏముంటుంది? ఆ మాట పుస్తకంలోకి ఎక్కేసరికి సున్నా అయింది.

తాత పోయి ఆరేళ్లయింది. ఆ సున్నా ఇంకా ఉంది.

ఆవాసం అన్నాను కదా, ఆ మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఇంగ్లీషులో హాబిటాట్. అదే చట్టంలో ఈ మాట రెండు చోట్ల ఉంటుంది. ఒకచోట ఆదిమ తెగల ఆవాసం, అంటే మనది. ఇంకొకచోట వన్యప్రాణుల కీలక ఆవాసం, అంటే పులిది. మాట ఒకటే. కానీ పులికి ఆవాసం అన్నప్పుడు అక్కడ మనిషి ఉండకూడదు అనే అర్థం వెంట వస్తుంది. చెంచుకు ఆవాసం అన్నప్పుడు అక్కడ పులి ఉండకూడదు అని ఏ చెంచూ ఎప్పుడూ అనలేదు. మన లెక్కలో ఇద్దరూ ఉండే చోటే ఆవాసం. నల్లమలలో నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం ప్రకటించింది 1978లో. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. అంతకు ముందు వేల ఏళ్లు ఈ అడవిలో పులీ ఉంది, మనమూ ఉన్నాం. అభయారణ్యం అంటే భయం లేని అడవి అని అర్థం. ఎవరికి అభయం అన్నది మాత్రం ఆ మాటలో రాసిలేదు. మా అమ్మ కుంకుళ్లు ఏరడానికి పోతూ పులికి భయపడదు, యూనిఫాం కనపడితే పొద చాటుకు పోతుంది.

దీనితోనే ఇంకో మాట వచ్చింది, 'స్వచ్ఛంద పునరావాసం'. పులుల అడవి లోపల నుంచి బయటికి వస్తే కుటుంబానికి 10 లక్షలు అన్నారు 2008లో, 2021లో 15 లక్షలు చేశారు. స్వచ్ఛందం అంటే ఎవరూ బలవంతపెట్టకుండా మన ఇష్టంతో పోవడం. మంచి మాటే. కానీ బడి లేదు, కరెంటు లేదు, రోడ్డుకు అనుమతి లేదు, కాన్పు నొప్పులొస్తే డోలీ కట్టాలి. ఇలా ఏళ్ల తరబడి ఉన్న మనిషిని కూర్చోబెట్టి 'నీ ఇష్టమేనా' అంటే 'ఇష్టమే సార్' అంటాడు. ఆ ఇష్టాన్ని ఏమనాలో నాకు తెలుగులో మాట దొరకలేదు. మీకు తెలిస్తే చెప్పండి.

ఇక ఆళ్లగడ్డకు వచ్చి అహోబిలం గురించి మాట్లాడకపోతే ఊరుకుంటారా.

అందరికీ అది నవ నారసింహ క్షేత్రం. మనకు అల్లుడి ఊరు. మన ఆడబిడ్డ చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి నరసింహస్వామి మనకు అల్లుడు, మన వయసోళ్లకు బావ. సినిమా చూసినవాళ్లకు 1958లో అంజలీదేవి, నాగేశ్వరరావు గుర్తొస్తారు. మన అవ్వలకు మాత్రం అది సినిమా కథ కాదు, చుట్టరికం. ప్రతి ఏడూ కనుమ రోజు పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకీలో కొండ దిగి 40 రోజులకు పైగా ఊరూరూ తిరుగుతాడు, తన పెళ్లికి రమ్మని పిలుస్తాడు. బయల్దేరే ముందు మన చెంచులు పల్లకీ దిక్కుకు బాణాలు వేస్తారు. చూసేవాళ్లు ఫొటోలు తీసుకుంటారు, 'గిరిజన సంప్రదాయం' అని పేపర్లో వేస్తారు. అది బావమరుదుల చొరవ. అత్తింటివాళ్లు కాబట్టి వేస్తారు.

బావమరిది అంటే మైదానంలో ఏంది? ఎగతాళి చేసుకునే చుట్టం. సినిమాల్లో కామెడీ వేషం. మా తాత చెప్పేవాడు. తేనె కోసం కొండచరియ మీద నుంచి తాడు కట్టుకుని కిందికి దిగేటప్పుడు పైన తాడు దగ్గర కూర్చునేది బావమరిదే, సొంత తమ్ముడు కూడా కాదు. ఎందుకంటే తాడు తెగితే వాడి అక్క ముండమోస్తుంది. కాబట్టి వాడు తెగనియ్యడు. మనకు బావమరిది అంటే మన ప్రాణం పట్టుకుని పైన కూర్చున్న మనిషి. ఇప్పుడు నరసింహస్వామికి మనం బావమరుదులం అని ఎవరైనా అంటే దాని బరువెంతో ఆలోచించండి. (ఇది చెప్పినప్పుడు ముందు వరసలో ఒక పెద్దాయన తువ్వాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆయన తేనె పట్టే మనిషంట. తర్వాత తెలిసింది.)

పారువేటలో వేట ఉంది చూశారా. దేవుడు వేటకు పోతే ఉత్సవం. మనం పోతే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. అటవీ హక్కుల చట్టం కూడా మన పాత హక్కులన్నీ లెక్కపెట్టి, వేట ఒక్కదాన్ని పేరు పెట్టి మరీ తీసేసింది. వేట మళ్లీ కావాలని నేను అడగడం లేదు. అడవిలో జంతువులు తగ్గిపోయాయి, అది మనకే ముందు తెలుసు. దేవుడి చేతిలో బాణానికి, చెంచు చేతిలో బాణానికి మధ్య మాట ఎంత మారిపోయిందో మాత్రం చూడమంటున్నాను.

పేపర్లో రోజూ చదువుతాం, 'ఆటవిక చర్య', 'ఆటవిక రాజ్యం'. ఎక్కడో సిటీలో పట్టపగలు మనిషిని నరికితే దానికి ఆటవికం అని పేరు. అడవిలో ఎవరు నరికారు? ఏ చెట్టు తేనె ఎవరు తీయాలి, పట్టులో ఎంత వదలాలి, గడ్డ తవ్వితే తల ఎట్లా తిరిగి నాటాలి, అన్నిటికీ కట్టు ఉన్న చోటది. నాగరికం అనే మాట పుట్టిందే నగరం నుంచి. కాబట్టి నగరంలో లేనివాడు అనాగరికుడు. మాట చేసినవాడు ఎక్కడ కూర్చుని చేశాడో ఆ మాటే చెప్తుంది. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి తనను తాను జంగ్లీ అని గర్వంగా చెప్పుకున్నాడు. అందరూ తిట్టుగా వాడే మాటను ఢిల్లీలో, అంత మంది పెద్దల ముందు, తన ఇంటిపేరులా చెప్పుకున్నాడు. నేను క్లాసులో ఒక్క పెంట పేరు చెప్పుకోలేకపోయాను.

ఇక్కడ ఎరుకల అన్నలున్నారు. ఎరుక అంటే తెలిసి ఉండటం. ఎరుక చెప్పే మనుషులని పేరు. మద్రాసు రాజధానిలో అదే జనాన్ని 1911 చట్టం కింద పుట్టు నేరస్థులుగా రాశారు. 1952 నాటికి ఆ చట్టం పోయింది. మాట పోయిందా? దొంగతనం జరిగితే మొదట ఎవరి పేటకు పోలీసు బండి వస్తుందో వాళ్లే చెప్తారు, నేను చెప్పక్కర్లేదు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈ ప్రాంతం వాడే. 1847 ఫిబ్రవరిలో కోవెలకుంట్లలో ఉరి తీశారు. కంపెనీ కాగితాల్లో ఆయన తిరుగుబాటుదారు, మన నోట్లో వీరుడు. ఇది మీ అందరికీ తెలిసిందే. నాకు నచ్చిన మాట ఇంకోటి ఉంది ఆ కథలో, కట్టుబడి. ఇప్పుడు కట్టుబడి ఉన్నాం అంటే మాట తప్పం అని అర్థం, రాజకీయ నాయకులు రోజుకు పదిసార్లు వాడతారు. అప్పుడు కట్టుబడి అంటే మనిషి. ఊరికి కాపలా కాసి, అందుకు మాన్యం అనుభవించేవాడు. ఆ మాన్యాలు కంపెనీ వెనక్కి తీసుకుంటుంటే వాళ్లు ఆయన వెంట నడిచారు. వాళ్లతో చెంచులూ ఉన్నారని చరిత్రలో రాశారు. పొట్ట కొట్టించుకున్న మనుషులు పోయారు, మాట మైకుల్లో మిగిలింది.

చట్టం తల్చుకుంటే మాటను ఎటైనా తిప్పగలదు. వెదురు గడ్డి జాతి. మేకలు కాసే పిల్లోడికి కూడా తెలుసు. 1927 అటవీ చట్టంలో దాన్ని చెట్టు అని రాశారు. చెట్టు కాబట్టి కొడితే నేరం. తొంభై ఏళ్లు వెదురు చెట్టుగానే ఉంది. మధ్యలో 2006 చట్టం మనకు వచ్చే చిన్న తరహా ఉత్పత్తుల్లో వెదురును చేర్చింది. 2017లో ఆ పాత చట్టంలో చెట్టు అనే మాట కింద నుంచి వెదురు తీసేశారు. అదీ ముఖ్యంగా అడవి బయట పెంచుకునేవాళ్ల కోసం. వెదురుకు మాత్రం ఈ గొడవ ఏమీ తెలియదు, వానకు మొలుస్తూనే ఉంది. చిన్న తరహా అన్నాను చూడండి, తేనె, తపసి బంక, కుంకుళ్లు, నన్నారి గడ్డలు. టేకు, చండ్ర పక్కన పెట్టి చూసిన వాడికి ఇవి చిన్నవి. మా ఇంట్లో ఉప్పు, బియ్యం, నా హాస్టల్ పెట్టె, నా చెప్పులు అన్నీ ఆ చిన్న తరహాలో నుంచే వచ్చాయి.

మన పేరు కూడా ఇట్లాగే. సర్టిఫికెట్‌లో షెడ్యూల్డ్ తెగ. ఆఫీసు బోర్డు మీద గిరిజన సంక్షేమం. 1975లో మనల్ని ఆదిమ తెగ అన్నారు, 2006లో ఆ మాట బాగాలేదని ప్రత్యేకించి బలహీనమైన తెగ అన్నారు. బలహీనం అంటే మన ఒంట్లో బలం లేదని కాదు, మనల్ని ఎవరైనా తేలిగ్గా దెబ్బ కొట్టొచ్చని. దెబ్బ కొట్టేవాడి పేరు మాత్రం ఆ మాటలో ఉండదు. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటనకు మన దేశం అవునని ఓటేసింది. ఓటేసి, ఈ దేశంలో అందరూ మూలవాసులే అని అర్థం చెప్పింది. అందరూ అయినప్పుడు మనం ఎవరం?

షెడ్యూల్డ్ అనే మాట దగ్గర మన చాలామంది పిల్లలు పొరపడుతున్నారు, అది చెప్పి తీరాలి. మనం షెడ్యూల్డ్ తెగ. మనం ఉండే చోటు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. కృష్ణ దాటి అమ్రాబాద్ దిక్కు పోతే అదే చెంచు, అదే ఇంటిపేరు, మా మేనత్తను ఇచ్చింది అక్కడికే. అది ఐదో షెడ్యూల్ కింద ఉంది. 1/70 చట్టం ఉంది, పెసా ఉంది. ఏటికి ఈ పక్క మనకు అవి లేవు. ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూసి 'మన గ్రామసభ ఒప్పుకోకపోతే ఏదీ కాదు, పెసా ఉంది' అని మొన్న ఒక తమ్ముడు ఆఫీసులో వాదించాడు. సారు నవ్వాడు. తమ్ముడిది తప్పు కాదు, అదే చెంచు అనుకున్నాడు. కానీ ఓడిపోయి వచ్చాడు. అటవీ హక్కుల చట్టానికి మాత్రం ఏటికి ఈ పక్క, ఆ పక్క అని లేదు. మన చేతిలో ఉన్నది అది. ముందు దాన్ని గట్టిగా పట్టుకుందాం, షెడ్యూల్డ్ ప్రాంతం కోసం అడగడం మానకుండానే.

ఇంకో మాట. మాటలు మారేది బయటోళ్ల దగ్గరే కాదు, మన ఇంట్లోనూ మారుతున్నాయి. అడవి అంటే మా అవ్వకు ఇల్లు. మా అమ్మకు కూలి. మా తమ్ముడికి సిగ్నల్ లేని చోటు. వాణ్ని అడవికి రమ్మంటే 'ఏముంది అక్కడ' అంటాడు. పక్కా ఇల్లు వస్తుందంటే వాడికి పండగ, అవ్వకు బెంగ. ఆ పెట్టెలో గాలి రాదంటుంది. నేను అవ్వ పక్షమని అనుకుంటారేమో, వానాకాలం కారుతున్న గుడిసెలో పుస్తకాలు నెత్తిన పెట్టుకుని కూర్చున్నోణ్ని, నాకూ పక్కా ఇల్లు కావాలి. తమ్ముడూ కావాలి, అవ్వా కావాలి. ఇద్దరూ ఒక మాటకు ఒకే అర్థం చెప్పాలని నేను పట్టుబట్టను. దరఖాస్తు రాసేటప్పుడు మాత్రం ఎవరి అర్థం రాస్తున్నామో తెలిసి రాయాలి.

అందుకే ఈ ఏడు మేం కొందరం ఒక పని పెట్టుకున్నాం. ఫారం బి, ఫారం సి మళ్లీ నింపుతున్నాం. మధ్యప్రదేశ్‌లో బైగాలకు, ఛత్తీస్‌గఢ్‌లో కమార్లకు ఆవాస హక్కు పత్రాలు వచ్చాయి. వాళ్లూ మనలాంటి ఆదిమ తెగలే. నియమాల్లో 12బి అని ఉంది, మన పెద్దల సంప్రదాయ వ్యవస్థలతో మాట్లాడి ఆవాస హక్కు గుర్తించేలా చూడాల్సింది జిల్లా కమిటీ. 13వ నియమం ప్రకారం పెద్దలు చెప్పింది రాసి పెడితే అదీ సాక్ష్యమే. కాబట్టి ఈసారి 'భూమి ఎంతుంది' అని ఎవ్వర్నీ అడగడం లేదు. 'ఎక్కడెక్కడ తిరిగావు' అని అడుగుతున్నాం. 'ఆ బండకు ఏం పేరు, అక్కడ ఎవర్ని పూడ్చారు, ఏ నెలలో ఏం దొరుకుతుంది, నీళ్లెక్కడ, దేవుడెక్కడ' అని.

మొదట మా అవ్వను అడిగాను. 'ఇవన్నీ రాసి ఏం చేస్తావురా' అంది. ఇస్తారంట అవ్వా అన్నాను. 'ఎవరిది ఎవరికిస్తారు' అంది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. నేను రాస్తూ పోయాను. పొయ్యి ఆరిపోయింది, మా అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. ఆ ఒక్క రాత్రే 43 పేర్లు వచ్చాయి. అందులో ఏడు పెంటలు. వాటిలో ఇప్పుడు మనుషులున్నది రెండింట్లో. మిగిలిన ఐదూ ఏ మ్యాపులోనూ లేవు.

ఫారంలో ఇచ్చిన గడి రెండు వరసలే ఉంది. సరిపోక వెనక తెల్లకాగితాలు పెట్టి సూదీదారంతో కుట్టాం. మీ గూడెం నుంచి ఎవరైనా పెద్దవాళ్లు చెప్తామంటే కబురు పెట్టండి, నేనో, మా జట్టులో ఎవరో వస్తాం. కాగితాలు మేమే తెస్తాం. వానలు పట్టుకునే లోపల లోపలి పెంటలు ముందు పూర్తి చేయాలి, వాగు దాటాలి కదా.